46 ఏళ్లకు ఉద్యోగం మాని కోనసీమలో రెండెకరాలు: ఈ లెక్క నిలుస్తుందా?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి, సొంత ఊరు ముమ్మిడివరం దగ్గర)

నమస్కారం. నాకు 41 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కారు కొనకుండా, అద్దె తక్కువున్న పేటలో ఉంటూ, మా దంపతులకూ పాపకూ కలిపి నెలకు 45 వేలలో ఇల్లు నడుపుకుంటున్నాము. జీతంలో సగానికి పైగా మిగులుతోంది. 46 ఏళ్లు నిండేసరికి ఉద్యోగం మానేసి, మా ఊరి దగ్గర రెండెకరాల కొబ్బరి తోట కొనుక్కుని, రెండు గేదెలతో, ఇంటికి సరిపడా కూరగాయలతో బతకాలని మా ఇద్దరి కోరిక. మా ఏడాది ఖర్చు 5.40 లక్షలు. దానికి 25 రెట్లు, అంటే 1.35 కోట్లు ఉంటే ఇక సంపాదించనక్కరలేదని చదివాను. భూమిని ఆ సొమ్ములోంచే కొనవచ్చునా? తోట మీద రాబడి ఎన్నాళ్లకు మొదలవుతుంది?

సమాధానం (రాజమండ్రి, పన్ను లెక్కలు చూసే వృత్తి)

భూమి సొమ్మును ఆ 1.35 కోట్లలో కలపకండి. 25 రెట్ల లెక్కకు మూలం 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు చేసిన పరిశీలన. అది ఆ దేశపు షేర్లు, బాండ్ల చరిత్ర మీద, 30 ఏళ్ల విశ్రాంత జీవితానికి వేసినది. మీరు 46కే మానేస్తే 40 ఏళ్లకు పైగా గడవాలి, పైగా మన ధరల పెరుగుదల వేరు. కాబట్టి 35 రెట్లు పెట్టుకోమంటాను, అంటే 1.89 కోట్లు, భూమి, పాప చదువు దానికి బయట. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం ఉండవచ్చు కనుక సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. పదేళ్ల సర్వీసు నిండితే ఈపీఎఫ్ పింఛను 58 ఏళ్లకు వస్తుంది గాని, అది చిన్న మొత్తమే.

సమాధానం (అంబాజీపేట దగ్గరి కొబ్బరి రైతు)

అయ్యా, మీ రెండో ప్రశ్నకు నేను చెబుతాను. కొత్తగా మొక్క నాటితే మన దేశవాళీ పొడుగు రకం కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. 1996 నవంబరు తుఫానులో తోటలు కూలిపోయిన కుటుంబాలు మళ్లీ కాయ దింపడానికి ఎన్నాళ్లు కాచుకున్నాయో మీ ఊరి పెద్దలను అడగండి. కాపులో ఉన్న తోట కొంటే రాబడి వెంటనే వస్తుంది, అయితే ధర ఆ మేరకు ఉంటుంది. ఎకరానికి 60, 70 చెట్లు మించవు. కాయ ధర వెయ్యి లెక్కన ఏడాదిలోనే ఎంతగా పడి లేస్తుందో ఇక్కడ అందరికీ తెలిసినదే. దింపు, వలుపు కూలి మాత్రం తగ్గదు. చెట్టెక్కే మనుషులు దొరకడం ఏటేటా కష్టమవుతోంది. తెల్లదోమ వచ్చాక కాపు దెబ్బతిన్న తోటలూ ఉన్నాయి. అంతరపంటగా కోకో, అరటి, కంద వేసుకున్నవారే నిలదొక్కుకుంటున్నారు.

భూమిని వేసవిలో చూసి బేరమాడవద్దు. మీ వైపు అసలు ఇబ్బంది సాగునీటికంటే మురుగునీటిది. జులై, ఆగస్టు ముసురులో వెళ్లి, మురుగు కాలువలో నీరు ఎటు పారుతోందో, చేలో నిలిచిన నీరు ఎన్ని రోజులకు తీస్తోందో చూడండి. మునిగే తోటలో చెట్టు మొదలు మీద బురద చార ఏ ఎత్తున ఉందో కొలవండి. 2011లో కోనసీమ రైతులు సార్వా (తొలకరి వరి) పంటకు విరామం ప్రకటించడానికి గిట్టుబాటు ధర లేకపోవడంతో పాటు ఈ ముంపు కూడా ఒక కారణం. పక్కన రొయ్యల చెరువు ఉంటే బావినీరు పరీక్ష చేయించకుండా అడ్వాన్సు ఇవ్వకండి. శివారు భూమి, అంటే కాలువ చివరిది అయితే, దాళ్వాకు (రెండో పంటకు) నీరు వంతులవారీగా ఇచ్చే ఏడు మీ బోదె (పొలానికి నీరిచ్చే చిన్న కాలువ) దాకా వస్తుందో రాదో ఆ గట్టు మీది రైతులే చెప్పగలరు. దాళ్వా కోతల తరువాత కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లోనే వదులుతారు. ఆ నడుమ మీ గేదెలకూ కూరగాయలకూ నీరెక్కడిదో ఇప్పుడే ఆలోచించుకోవాలి.

నా సలహా, కొనకముందు ఒక తోట మక్తాకు (కౌలుకు) తీసుకుని ఒక సార్వా, ఒక దాళ్వా గడిచేదాకా ఊళ్లో ఉండి చూడండి. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల కౌలు ఒప్పందం రాసుకుంటే యజమాని హక్కుకు భంగం ఉండదు కాబట్టి, ఒప్పుకునేవారు దొరుకుతారు.

సమాధానం (పెనుగొండ, గృహిణి)

బాబూ, పై ఇద్దరూ చెప్పినది నిజం. ఇంకొకటి చూసుకోండి. హైదరాబాద్‌లో మీ పొదుపు మీ చేతిలో ఉంది. ఊళ్లో అలా ఉండదు. పెళ్లిళ్లు, పసుపు ఫంక్షన్లు, గృహప్రవేశాలు, వాటికి చదివింపులు, చుట్టాల రాకపోకలు, ఇవన్నీ ఊరికి వచ్చినవారికి తప్పనివి, తప్పించుకోవాలని చూస్తే మనసులు నొచ్చుకుంటాయి. అద్దె, బస్సు ఖర్చు తగ్గినంతా అక్కడ తేలుతుంది. పాప చదువు 46 దగ్గర ఏ తరగతికి వస్తుందో, అప్పుడు అమలాపురంలో చదివిస్తారో, హాస్టలుకు పంపుతారో మీ ఆవిడతో కూర్చుని తేల్చుకోండి. పాడి పనిలో ఎక్కువ భాగం ఆమె మీదే పడుతుంది గనుక, గేదెలు కావాలా వద్దా అన్నది ఆమెనే చెప్పనివ్వండి.

అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆగస్టులో ఇద్దరం వచ్చి ముసురులో తోటలు చూస్తాము. అంబాజీపేట వారిని ఒక మాట అడగాలి: మక్తా సొమ్ము ఏడాదికి ముందే కట్టాలా, దింపు దింపుకూ చెల్లించే పద్ధతి కూడా మీ వైపు ఉందా?