స్కాట్ బృందం ఆ రాళ్ళు మోయడం పిచ్చితనం కాదా?

ధ్రువపిచ్చి: 1912లో దక్షిణ ధ్రువం నుంచి వెనక్కి వస్తూ బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్, మరో నలుగురు బియర్డ్‌మోర్ హిమనదం దగ్గర ఆగి రాళ్ళు ఏరారు. ఒక్కరూ ప్రాణాలతో ఇల్లు చేరలేదు. నవంబరులో గుడారం దొరికేసరికి 16 కిలోల రాళ్ళు అక్కడే ఉన్నాయి. తిండికే దిక్కులేనప్పుడు రాళ్ళేంటండీ? స్కాట్ కంటే ముందే ధ్రువం చేరిన నార్వే వాడు అముండ్‌సెన్ ధ్రువం ఒక్కటే పెట్టుకున్నాడు, క్షేమంగా తిరిగొచ్చాడు. మంచు దాటడమో, సైన్సో, ఏదో ఒకటే.

గోదావరివాసి: అంత తేలిగ్గా తీసిపారేయకండి. వాటిలో గ్లోసాప్టెరిస్ ఆకుల ముద్రలున్నాయి. మన సింగరేణి బొగ్గు పొరల నాటి మొక్కే అది. అంటార్కిటికా, ఇండియా ఒకప్పుడు అతుక్కుని ఉండేవనడానికి గట్టి ఆధారం. పైగా ఆ 16 కిలోలు పారేస్తే ఏం ఒరిగేది? మార్చిలో చలి మైనస్ 40 దాకా పోయింది. అంత చలిలో మంచు మీద బండి జారదు, ఇసుకలో లాగినట్టే.

అసలు తప్పు ఏడాది ముందే జరిగింది. తిరుగు దారికి తిండి, కిరోసిన్ దాచే వన్ టన్ డిపో 80 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర పెట్టాలనుకుని, గుర్రాలు నీరసించాయని అర డిగ్రీ, అంటే 30 మైళ్ళకు పైగా, ఇవతలే పెట్టేశారు. ముందుకే పోదాం, పడిపోయిన గుర్రాల మాంసం పనికొస్తుంది అన్నాడు గుర్రాల బాధ్యత చూసే ఓట్స్. స్కాట్ వినలేదు. చివరి గుడారం ఆ డిపోకు 11 మైళ్ళ దూరంలో ఉంది. అనుకున్నచోట పెట్టి ఉంటే ఎప్పుడో అందుకునేవాళ్ళు.

పాతడైరీ: డిపో సరే, డబ్బాల సంగతో? మూతల్లో తోలు వాషర్లు చలికి పట్టు వదిలేసి కిరోసిన్ తగ్గిపోయింది. అముండ్‌సెన్ తన డబ్బాలకు టంకం వేయించాడు. కిరోసిన్ లేకపోతే ఆగేది వంటొక్కటే కాదు, తాగే నీళ్ళకూ మంచు కరిగించాలి కదా. చాలదన్నట్టు నలుగురి లెక్కన కట్టిన సరుకుతో ఐదుగురు ధ్రువానికి వెళ్ళారు. ఐదో మనిషితో వంటకు రోజూ అరగంట ఎక్కువ పడుతోందని స్కాటే డైరీలో రాసుకున్నాడు.

ధ్రువపిచ్చి: టంకం మాట ఒప్పుకుంటా. కానీ అముండ్‌సెన్‌కు అంత శ్రద్ధ ఎక్కడిది? పని ఒకటే కాబట్టి! 52 కుక్కలతో బయల్దేరి 11తో వచ్చాడు, చంపినవాటిలో చాలావరకు తిండికే. స్కాటేమో మోటారు బండ్లు, గుర్రాలు, కుక్కలు, మనుషుల భుజాలు అన్నీ కలిపాడు. ఓ మోటారు బండి ఓడ నుంచి దించుతుండగానే సముద్రం పాలైంది.

గోదావరివాసి: అది రవాణా గందరగోళమండీ. మూతకు టంకం వేస్తుంటే శాస్త్రవేత్తలేమైనా చెయ్యి పట్టుకున్నారా? 1957-58లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఫుక్స్ 99 రోజుల్లో ఖండాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటాడు, దారి పొడవునా మంచు మందం కొలుస్తూనే. అవతలి వైపు డిపోలు హిల్లరీ ముందే నింపి ఉంచాడు.

పాతడైరీ: ఫుక్స్‌కు స్నోక్యాట్లు, అంటే మంచు మీద నడిచే పట్టాల మోటారు బండ్లు, ఉన్నాయి, ధ్రువం దగ్గర అమెరికా స్థావరం ఉంది. ఆ రెండూ తీసేసి చెప్పండి, అప్పుడు 1911తో పోల్చుకుందాం.