జర్మనీలో చదువుతూ ఏడాది పాటు జపాన్ వెళ్తే నివాస అనుమతి నిలుస్తుందా?

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. జర్మనీలో మెకానికల్ ఇంజినీరింగ్ ఎమ్మెస్ చదువుతున్నాను. మార్పిడి విద్యార్థిగా వచ్చే ఏప్రిల్ నుంచి ఏడాది పాటు ఒసాకాలో చదివే అవకాశం వచ్చింది. అక్కడ ఫీజు కట్టనక్కరలేదు. సంతోషమే, కానీ ఒక చిక్కు నిద్ర పట్టనివ్వడం లేదు.

నాతో వస్తున్న జర్మన్ మిత్రుడికి ఏ బాధా లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంటికి తిరిగి రావచ్చు. నాది భారతీయ పాస్‌పోర్టు. ఆరు నెలలకు మించి జర్మనీ బయట ఉంటే నివాస అనుమతి దానంతట అదే రద్దవుతుంది. ముందే విదేశీయుల కార్యాలయాన్ని అడిగి ఎక్కువ గడువు రాయించుకోవచ్చట. రెండు మెయిళ్లు పంపాను, జవాబు లేదు.

ఇలా గడువు తీసుకుని వెళ్లినవారు ఎవరైనా ఉన్నారా? ఏ కాగితాలు చూపించారు? ఆగస్టు సెలవుల్లో ఒకసారి జర్మనీ వచ్చి వెళ్తే ఆరు నెలల లెక్క మళ్లీ మొదటికి వస్తుందని ఒకరు చెప్పారు. నిజమేనా? విమానం టికెట్ ధర చూశాక గట్టిగా అడగాలనిపించింది.

ఇంకొకటి. జపాన్ వీసాకు కావలసిన అర్హత పత్రాన్ని అక్కడి విశ్వవిద్యాలయమే ఇప్పిస్తుందన్నారు. అది వచ్చాక జర్మనీలోనే దరఖాస్తు చేయవచ్చా, ఇండియా వెళ్లాలా? అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటల దాకా పని చేయవచ్చని తెలుసు. జపనీస్ అంతంతమాత్రంగా వచ్చినవారికి ఏ పని దొరుకుతుంది?

ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఈ అనుమతి సంగతి తేలాక అమ్మకు ఫోను చేద్దామని ఆగాను.