పాత డీజిల్ కారుకి ఇంట్లోనే పవర్ పెంచుకోవచ్చా? పంపు స్క్రూ తిప్పితే ఏమవుతుంది?

ప్రశ్న:
నాది పాత టర్బో డీజిల్ కారు. ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. ఇంజిన్‌కి డీజిల్ చిమ్మేది రోటరీ పంపు. ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) కూడా లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరులో కూడా ఈడుస్తోంది. పంపు మీదున్న స్క్రూ కాస్త తిప్పితే చాలని ఒకరు, టర్బో ప్రెషర్ పెంచమని ఇంకొకరు అంటున్నారు. నిజంగా పనిచేస్తాయా? ఇంజిన్ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు:
పనిచేస్తుందండీ, భయమంతా అక్కడే. పాత డీజిల్ ఇంజిన్‌లో గాలికి అడ్డు ఉండదు. ఎంత డీజిల్ చిమ్మితే అంత పవర్. ఆ గరిష్ఠ మోతాదుని కంపెనీ ఈ స్క్రూతోనే సెట్ చేసి సీల్ వేస్తుంది. కాబట్టి లోపలికి తిప్పగానే పికప్‌లో తేడా తెలుస్తుంది.

కానీ డీజిల్ పెంచారు, గాలి పెరగలేదు. కిలో డీజిల్ కాలడానికి లెక్క ప్రకారం సుమారు 14.5 కిలోల గాలి చాలు. అయితే సిలిండర్‌లో రెండూ బాగా కలిసేంత సమయం ఉండదు. అందుకే గాలి 18, 20 కిలోల దగ్గరికి దిగేసరికే నల్లపొగ మొదలవుతుంది. పొగ వస్తోందంటే మీరు పోసిన డీజిల్‌లో కొంత పవర్‌గా మారకుండా మసి అవుతోందన్నమాట. దాంతోపాటు ఎగ్జాస్ట్ వేడి ఎక్కుతుంది. పెట్రోల్ ఇంజిన్‌లో పెట్రోల్ మరీ ఎక్కువైతే వేడి తగ్గుతుంది, డీజిల్‌లో మాత్రం పోసేకొద్దీ పెరుగుతూనే పోతుంది. పిస్టన్ అల్యూమినియంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. సిలిండర్‌లో మంట అంతకంటే చాలా వేడి. పిస్టన్ తట్టుకుంటోందంటే ఆ వేడిని ఆయిల్, సిలిండర్ గోడలు లాగేస్తుండటం వల్లే. నిండు లోడుతో పొడవాటి ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఆ లాగే శక్తి చాలకపోతే ముందు పిస్టన్ అంచు, తర్వాత హెడ్ గాస్కెట్, టర్బో దెబ్బతింటాయి. రెండు నిమిషాల టెస్ట్ డ్రైవ్‌లో ఇవేవీ బయటపడవు.

అందుకే స్క్రూ ముట్టుకోకముందు, పోయిన పవర్ ఎక్కడ పోయిందో వెతకండి. ఇంజిన్ ఆపి, ఒకరిని యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కమనండి. మీరు పంపు లివర్ చూడండి. అది స్టాపర్‌కి తగులుతోందా? చాలా పాత కార్లలో కేబుల్ సాగిపోయి తగలదు. తర్వాత, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టం) నుంచి పంపు పైనున్న గుండ్రటి మూతకి ఒక సన్నటి రబ్బరు గొట్టం వెళ్తుంది. టర్బో ప్రెషర్ వచ్చిందని పంపుకి తెలిసేది దానివల్లే. అది చీలితే, లేదా మూత కింద డయాఫ్రమ్ (పలచటి పొర) చిరిగితే, టర్బో ఎంత ఊదినా పంపు తక్కువ డీజిలే ఇస్తుంది. పంపు వైపు గొట్టంలోకి నోటితో ఊది చూడండి, గాలి నిలవాలి. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ సంగతి చెప్పక్కర్లేదు. ఆ తర్వాత నాజిల్స్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే మొనలు) టెస్టింగ్, పంపు టైమింగ్. ఇవి సరిచేస్తే చాలామందికి స్క్రూ అవసరమే రాదు.

అయినా తిప్పాలనుకుంటే ముందు పెయింట్‌తో గుర్తు పెట్టి, ఎనిమిదో వంతు చుట్టు మాత్రమే తిప్పండి. ఐడిల్ కాస్త పెరుగుతుంది, దాన్ని మళ్లీ దించుకోవాలి. మరీ లోపలికి తిప్పితే పెడల్ వదిలినా ఇంజిన్ దిగదు. ఎగ్జాస్ట్ టెంపరేచర్ మీటర్ లేకుండా మాత్రం దయచేసి ఈ పని చేయకండి. దాని సెన్సర్ టర్బోకి ముందే ఉండాలి, తర్వాత పెడితే అంకె బాగా తక్కువగా చూపిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు అదేపనిగా 700 డిగ్రీలు దాటుతుంటే స్క్రూ వెనక్కి తిప్పేయండి. ఇంకో మాట, సెన్సర్ కోసం ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ని విప్పి బయట పెట్టుకుని డ్రిల్ చేయండి. ఇనుప రజను టర్బోలోకి వెళ్తే బ్లేడ్లు పోతాయి.

టర్బో ప్రెషర్ గురించి: 1 బార్ దగ్గరే గాలి 100 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. వేడి గాలి పలచన, అందులో ఆక్సిజన్ తక్కువ. మీ కారుకి ప్రెషర్ పెంచడం కంటే ఇంటర్‌కూలర్ పెట్టడం ఎన్నో రెట్లు మేలు. పవర్ పెంచుతూనే వేడి తగ్గించే మార్పు అది.

ఇంకో సభ్యుడు:
అన్నా, నాది కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే హై ప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ వెళ్లే ఎలక్ట్రానిక్ రకం). ప్రెషర్ సెన్సర్ వైరుకి ఒక రెసిస్టర్ కడితే పవర్ వస్తుందంటున్నారు. ఎల్‌పీజీ కొంచెం ఇన్‌టేక్‌లోకి వదలడం, హైడ్రోజన్ కిట్, ఇవి ఎలా ఉంటాయి?

జవాబు:
తమ్ముడూ, ఆ రెసిస్టర్ చేసే పని ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి) అబద్ధం చెప్పడం. రైల్‌లో ప్రెషర్ తక్కువుందనుకుని అది నిజం ప్రెషర్‌ని పెంచేస్తుంది. మొదటితరం కామన్ రైల్ 1350 బార్ దాకా పనిచేయడానికి చేసింది. ఎంత దాటుతోందో చెప్పాల్సిన సెన్సర్నే మోసం చేశాక ఇక కాపలా ఎవరున్నారు? పాత ఇంజెక్టర్లు త్వరగా అరిగిపోతాయి. లీక్ ఉందేమోనని చేత్తో మాత్రం తడమొద్దు. సన్నటి చిమ్ము చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల కండ పాడైపోతుంది. అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. అలా ఎవరికైనా గుచ్చుకుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఎల్‌పీజీ కొద్దిగా వెళ్తే డీజిల్‌తో కలిసి మండి పవర్ ఇస్తుంది. ఎక్కువైతే డీజిల్ చిమ్మకముందే అంటుకుంటుంది, ఆ దెబ్బ పిస్టన్ మీద పడుతుంది. ఇంట్లో గొట్టాలు, ట్యాప్‌లతో ఆ మోతాదు పట్టుకోలేం. పైగా కారులో గ్యాస్ లీక్ ప్రమాదం. నేనైతే వద్దనే అంటాను. హైడ్రోజన్ కిట్ శుద్ధ దండగ. నీటిని విడగొట్టడానికి ఆల్టర్నేటర్ తినే శక్తి, ఆ గ్యాస్ తిరిగిచ్చేదానికంటే ఎక్కువ.

ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వ్), ఎగ్జాస్ట్‌లో మసి పట్టే ఫిల్టర్ పీకేయడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. ఏ మార్పు చేసినా బీమా కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్ సమయంలో చిక్కులు రావచ్చు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. లివర్ నిజంగానే స్టాపర్ దాకా వెళ్లట్లేదు, సన్నగొట్టం కూడా చీలింది. రెండూ సరిచేశాక ఎత్తు బాగానే ఎక్కుతోంది, స్క్రూ జోలికి వెళ్లలేదు. కానీ టర్బో నుంచి ఇన్‌టేక్‌కి వెళ్లే పెద్ద గొట్టంలో ఆయిల్ కనిపించింది. పర్వాలేదా?

జవాబు:
మంచి పని చేశారు. గొట్టం గోడలకి పలచగా అంటుకుని ఉంటే బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి వదిలే గొట్టం) నుంచి వచ్చేదే, మామూలే. అడుగున మడుగు కట్టి ఉంటే మాత్రం టర్బో విప్పించాలి. సీల్ పూర్తిగా పోతే ఇంజిన్ తన ఆయిల్‌నే తాగి దానంతటదే రేజ్ అవుతుంది, కీ తీసినా ఆగదు. అలా జరిగితే కారు కదలకుండా బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, టాప్ గేరు వేసి క్లచ్ వదిలేయండి, ఆగుతుంది. బయట ఉంటే ఎయిర్ ఇన్‌టేక్‌ని చెక్కపలకతో మూయాలి, చెయ్యి అడ్డుపెట్టకూడదు. ఆగాక టర్బో చూపించేదాకా మళ్లీ స్టార్ట్ చేయకండి.