పీజెడ్‌టీ ఫిల్మ్ కింద ప్లాటినమ్ చాలదా, ఎస్‌ఆర్‌ఓనే వెయ్యాలా?

బక్కలూప్: అన్నలూ అక్కలూ, సిలికాన్ మీద ప్లాటినమ్ ఎలక్ట్రోడ్, దాని మీద సోల్-జెల్‌లో (ద్రావణం పూసి కాల్చే పద్ధతి) పీజెడ్‌టీ, అదే లెడ్ జిర్కొనేట్ టైటనేట్ అనే ఫెర్రోఎలక్ట్రిక్ (ఫీల్డ్‌తో పోలరైజేషన్ తిరగబడే పదార్థం), వేశా, మొదట్లో హిస్టరిసిస్ లూప్ (ఫీల్డ్ మార్చేకొద్దీ పోలరైజేషన్ గీసే చుట్టు) ముచ్చటగా వచ్చింది, ఫీల్డ్‌ని అటూ ఇటూ కోటి సైకిళ్లు తిప్పేసరికి బక్కచిక్కిపోయింది, అదే ఫెటీగ్. మా సారేమో స్ట్రాన్షియమ్ రూథనేట్, అదే ఎస్‌ఆర్‌ఓ, వేస్తే ఈ గోల ఉండదంటారు. దానికి పీఎల్‌డీ (లేజర్‌తో పదార్థాన్ని ఆవిరిచేసి ఫిల్మ్ వేసే మెషిన్) టైమ్ కోసం వేరే ల్యాబ్ వాళ్ల కాళ్లు పట్టుకోవాలి. నిజంగా అంత తేడా ఉంటుందా?

వాక్యూమ్_వెంకి: ఉంటుంది తమ్ముడూ. 1993లోనే ఎస్‌ఆర్‌ఓ ఎలక్ట్రోడ్ల మధ్య పీజెడ్‌టీ పెట్టి వెయ్యి కోట్ల సైకిళ్లు తిప్పారు. లాటిస్, అంటే స్ఫటికంలో అణువుల అమరిక కొలత, మ్యాచ్ అవుతుంది, అందుకే.

సోల్‌జెల్_అక్క: ఆ "అందుకే" దగ్గరే తేడా కొడుతోంది వెంకీ. ప్లాటినమ్ లాటిస్ 3.92 ఆంగ్‌స్ట్రామ్, ఎస్‌ఆర్‌ఓది 3.93, పీజెడ్‌టీ 4 పైన, అంటే రెండూ దానికి ఒకటే దూరం కదా! తిప్పేకొద్దీ ఆక్సిజన్ ఖాళీలు ఎలక్ట్రోడ్ అంచున పోగుపడి డొమైన్లని (పోలరైజేషన్ ఒకే వైపున్న ముక్కల్ని) కదలనివ్వవు, ఆక్సైడ్ ఎలక్ట్రోడ్ ఉంటే ఆ ఖాళీల్ని పూడుస్తుంది, ఎక్కువమంది చెప్పే కారణం ఇదే. రూథీనియమ్ ఆక్సైడ్ అసలు పెరోవ్‌స్కైటే (పీజెడ్‌టీ, ఎస్‌ఆర్‌ఓలకున్న స్ఫటిక నిర్మాణం) కాదు, దాన్ని వేసినా ఫెటీగ్ తగ్గుతుంది, మరి దానికేం మ్యాచ్ అయిందట?

వాక్యూమ్_వెంకి: సరే అక్కా, ఆ ముక్క వెనక్కి తీసుకున్నా. కానీ ఓరియెంటేషన్, అంటే స్ఫటికం ఏ ముఖం పైకి పెట్టి పెరుగుతుందన్న సంగతేంటి? సిలికాన్ మీద ప్లాటినమ్ మామూలుగా 111 ముఖంతోనే లేస్తుంది, అదే 001 ముఖమున్న ఎస్‌టీఓ (స్ట్రాన్షియమ్ టైటనేట్) సబ్‌స్ట్రేట్ మీద ఎస్‌ఆర్‌ఓ వేసి పైన టైటానియమ్ ఎక్కువున్న పీజెడ్‌టీ వేస్తే సి-యాక్సిస్ (పోలరైజేషన్ ఉండే దిశ) నిలువుగా నిలబడుతుంది, లూప్ నలుచదరంగా వస్తుంది. ఇంకా పలచటి ఫిల్ముల్లోకి వెళ్తే ఇది తప్ప దారి లేదు. ఎస్‌ఆర్‌ఓ మధ్య బేరియమ్ టైటనేట్ 6 యూనిట్ సెల్స్ కంటే, అంటే దాదాపు 2.4 నానోమీటర్ల కంటే, పలచబడితే పోలరైజేషన్ నిలవదని 2003లో లెక్కగట్టారు, అలాంటివి పాలీక్రిస్టల్ ప్లాటినమ్ మీద చూస్తావా చెప్పు.

బిస్మత్_బాబు: ప్లాటినమ్‌ని మరీ అంత ఆడిపోసుకోకండి. అదే ప్లాటినమ్ మీద ఎస్‌బీటీ (స్ట్రాన్షియమ్ బిస్మత్ టాంటలేట్ అనే ఇంకో ఫెర్రోఎలక్ట్రిక్) వేసి లక్ష కోట్ల సైకిళ్లు తిప్పినా అలసట రాలేదని 1995లో చూపించారు. తప్పు ఆ జోడీది.

సోల్‌జెల్_అక్క: ఒప్పుకుంటా బాబూ. వెంకీ, నువ్వు చెప్పేది 10 మిల్లీమీటర్ల ఎస్‌టీఓ ముక్క మీద కథ, ఈ అబ్బాయి దగ్గరున్నది సిలికాన్, ఫిల్మ్ మందం కూడా వందల నానోమీటర్లు ఉండుంటుంది. బక్కలూప్, ముందు లాంథనమ్ నికలేట్ చూడు, అదీ కండక్టింగ్ పెరోవ్‌స్కైటే, నీ స్పిన్ కోటర్ మీదే వేసుకోవచ్చు, సిలికాన్ మీద కూడా 100 వైపే మొగ్గుతుంది. అన్నట్టు నీ పై ఎలక్ట్రోడ్ ఏంటి?

బక్కలూప్: ప్లాటినమ్ చుక్కలే అక్కా, షాడో మాస్క్‌తో.

సోల్‌జెల్_అక్క: మరింకేం! కింద ఒక్కటే మారిస్తే పైనుంచి ఫెటీగ్ వస్తూనే ఉంటుంది, పైగా రెండు వైపులా వేరేవి కాబట్టి లూప్ పక్కకి జరుగుతుంది. సార్‌కి ముందు ఇది చెప్పు.

వాక్యూమ్_వెంకి: పీఎల్‌డీకే వెళ్తే మాత్రం ఆక్సిజన్ తగ్గించకు తమ్ముడూ, రూథీనియమ్ ఆవిరైపోతుంది, మిగిలేది పేరుకే ఎస్‌ఆర్‌ఓ.

బక్కలూప్: సార్‌కి చెప్పా. "అయితే రెండు వైపులా ఎస్‌ఆర్‌ఓ వెయ్" అన్నారు 😭