ఫోటో అనగానే మావాడు కర్రలా బిగుసుకుపోతున్నాడు, ఏం చెయ్యాలి?

గుణుపురం (ఒడిశా) నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. మావాడికి ఐదేళ్లు, మా అక్క కూతురికి ఎనిమిది. సంక్రాంతికి పర్లాకిమిడి దగ్గర మా కన్నవారింటికి వెళ్లినప్పుడు ఫోన్లో రెండొందల ఫోటోలు తీశాను. దాచుకోదగ్గవి మూడు కూడా లేవు. ఇంట్లో తీస్తే మొహాలు చీకటి. వాకిట్లో తీస్తే కళ్లు చికిలిస్తారు. "ఫోటో తీస్తా నాన్నా" అన్నానో లేదో, మావాడు చేతులు బిగబట్టి పళ్లన్నీ బయటపెడతాడు. పోనీ ఆడుకుంటుంటే తీద్దామంటే బొమ్మ అలికేసినట్టు వస్తోంది. కెమెరా కొనే వీలు ఇప్పట్లో లేదు. ఉగాదికి మళ్లీ వెళ్తున్నాం. ఏం మార్చుకోవాలో చెప్పండి.

పర్లాకిమిడి నుంచి జవాబు:

అమ్మా, ఫోన్ చాలు. ముప్పై ఏళ్లుగా పిల్లల్ని తీస్తున్నాను, నాకు తెలిసింది ఇదీ: పిల్లల్ని వెంటేసుకుని వెలుగు కోసం తిరగకూడదు. వెలుగు బాగున్న చోటు ముందే చూసుకుని, అక్కడ వాళ్లకో పని పెట్టి, మనం ఓపిగ్గా కూర్చోవాలి.

మీ కన్నవారిల్లు పాత ఇల్లయితే వీధరుగు ఉండే ఉంటుంది. అంతకన్నా మంచి స్టూడియో లేదు. నెత్తిన చూరు నీడ, ఎదురుగా ఎండకి మెరిసే వీధి. ఆ మెరుపు మెత్తబడి మొహం మీదకొస్తుంది. పిల్లని చూరు అంచుకి మూరెడు లోపల, వీధివైపు మొహం ఉండేలా కూర్చోబెట్టండి. కంటిపాపలో తెల్లటి చుక్క మెరుస్తోందా చూడండి. లేకపోతే ఇంకో జానెడు బయటికి జరపండి. ఆ చుక్క లేని మొహం ఎంత నవ్వినా ప్రాణం లేనట్టే ఉంటుంది. ఇంట్లో తప్పదనుకుంటే కిటికీ పక్కనే కూర్చోబెట్టి, బల్బులు ఆర్పేయండి. లేకపోతే ఒక చెంప పసుపు, ఒక చెంప నీలం అవుతుంది. కిటికీకి అవతలి పక్క మొహం మరీ నల్లబడితే, అటు కుర్చీ మీద తెల్ల పంచె ఆరేసినట్టు వెయ్యండి.

వేళ ముఖ్యం. ఉగాది రోజుల్లో మనవైపు సుమారు ఆరింటికి పొద్దుపొడిచి, ఆరింటికే పొద్దుగుంకుతుంది. పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర మంచివేళ. మధ్యాహ్నం సూర్యుడు డెబ్బై డిగ్రీల పైనే ఉంటాడు. మే నడిమికి, మళ్లీ జులై చివర్లో అయితే సరిగ్గా నడినెత్తిన. ఒకసారి ఒక బడివాళ్లు పిలిస్తే పన్నెండింటికి మైదానంలో నలభైమందిని నిలబెట్టి తీశాను. కనుబొమ్మల నీడ పడి ఒక్కరి కళ్లూ కనబడలేదు. తల్లులు ఆ ఫోటో పట్టుకుని బిడ్డ కళ్లు వెతుక్కోవడం చూశాక మళ్లీ ఆ తప్పు చెయ్యలేదు.

అలికినట్టు రావడానికి కారణం షట్టర్, అంటే ఫోన్ కంటికి రెప్పలాంటిది, నెమ్మదిగా పడటం. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ (ఈ వేగాన్ని మనమే సర్దుకునే వీలు) ఉంటే 1/250, అంటే సెకనులో రెండొందల యాభయ్యో వంతు పెట్టండి, పరిగెత్తేవాళ్లకి 1/500. దానికోసం ఐఎస్ఓ (ఫోన్ వెలుగుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 800 దాకా వెళ్లినా పరవాలేదు, కాస్త గరుకు వస్తే రానివ్వండి. ప్రో మోడ్ లేకపోతే వెలుగు ఎక్కువున్న చోటికి రావడమే దారి. తెరమీద మొహాన్ని వేలితో తాకి పట్టుకోండి, ఫోన్ ఆ మొహానికి తగ్గట్టు వెలుగు సర్దుకుంటుంది. బ్యూటీ మోడ్ తీసెయ్యండి. మన పిల్లల చామనఛాయని సున్నం కొట్టినట్టు చేస్తుంది, అది నాకు చూడబుద్ధి కాదు. తీసేముందు లెన్సు జిడ్డు నూలుగుడ్డతో తుడవండి. మీరు నిలబడి కాదు, వాళ్ల కళ్ల ఎత్తుకి కూర్చుని తియ్యండి.

ఇక బిగుసుకుపోవడం సంగతి. ఉగాది రోజులంటే చింతపండు పిక్కలు తీసే రోజులు. ఇద్దర్నీ అవ్వ పక్కన అరుగుమీద కూర్చోబెట్టి పని ఒప్పజెప్పండి. మొదటి పది నిమిషాలు ఫోన్ ఒళ్లోనే ఉంచుకుని కబుర్లు చెప్పండి. పోయినేడు మా మనవరాలు పిక్క తీసి విదిల్చింది. అది వేలికి అంటుకుని ఊడలేదు. మళ్లీ విదిల్చింది. చివరికి వేలు నోట్లో పెట్టుకుంది. ఒక కన్ను మూతబడి, భుజాలు చెవులదాకా లేచాయి. అప్పుడు నొక్కాను. అలాంటిది "నవ్వమ్మా" అంటే వస్తుందా? మీవాడు పని చెయ్యనంటే, బడిలో నేర్చుకున్నట్టు ఒడియాలో అవ్వకి లెక్కలు నేర్పమనండి. ఎక, దుయి, తిని అంటూ వేళ్లు చూపిస్తూ మిమ్మల్ని మర్చిపోతాడు.

జయపురం నుంచి మరొకరు:

గురువుగారూ, మాకు అరుగు లేదు. వాకిట్లో నీలం టార్పాలిన్ కింద తీస్తే పిల్ల మొహం నీలంగా వస్తోంది. పైగా మా అత్తగారు దిష్టి తగులుతుందని ఫోటోలు ఎవరికీ పంపనివ్వరు.

పర్లాకిమిడి నుంచి:

ఆ నీలం తర్వాత ఎంత సర్దినా పూర్తిగా పోదు తల్లీ. పందిరి కింద నుంచి తీసుకొచ్చి, సాయంత్రం ఇంటికి తూర్పువైపు గోడ నీడలో కూర్చోబెట్టండి. ఎదురిల్లు తెల్ల సున్నందైతే మరీ మంచిది. అత్తగారి మాట కాదనకండి. దిష్టిచుక్క పెట్టే తియ్యండి, చుక్కతో పిల్లలు ముచ్చటగా ఉంటారు. బడి పేరున్న యూనిఫారంతో తీసినవి, ఒంటిమీద బట్టల్లేనివి నేనైతే ఎవరికీ పంపను. పక్కింటి పిల్లలు ఫ్రేములో ఉంటే వాళ్ల అమ్మని అడగందే అసలు పంపను.

గుణుపురం నుంచి:

ఉగాదిదాకా ఆగలేక ఇప్పుడే వంటింటి కిటికీ దగ్గర మావాడికి చిక్కుడుకాయలు ఇచ్చి కూర్చున్నాను. మొదట రెండుసార్లు పళ్లు బయటపెట్టాడు. నేను కూడా కాయలు ఒలవడం మొదలెట్టాక మర్చిపోయాడు. కాయలో పురుగు కనబడితే దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు, అప్పుడు తీశాను. మీరన్న చుక్క రెండు కళ్లలోనూ ఉంది! మీకు విడిగా పంపాను, చూడండి.

పర్లాకిమిడి నుంచి:

చూశానమ్మా. ఆ పురుగుని చూసే చూపు ఎంత బాగుందో! వెనకాల స్టీలు బిందె మెరుపు మాత్రం కన్ను లాగేస్తోంది. రేపు దాన్ని పక్కకి జరిపి, అదే వేళకి అక్కడే కూర్చోండి.