ఫ్లూట్ మంద్ర స్వరాలు బృందంలో మునిగిపోతున్నాయి, ఏం చేయాలి?

ఫ్లూట్, ఓబో, క్లారినెట్, హార్న్, బసూన్ అనే ఊదే వాద్యాలున్న ఐదుగురి బృందంలో నేను ఫ్లూట్ వాయిస్తాను. తార స్థాయిలో ఏ ఇబ్బందీ లేదు, మిగిలిన నాలుగింటి మీదుగా తేలికగా వినిపిస్తుంది. చిక్కంతా మంద్ర స్థాయిలోనే. ప్రధాన వరుస నాకే ఉన్నచోట కూడా క్లారినెట్, హార్న్ కలిసి మోగితే నా స్వరాలు ఎవరికీ వినపడవు. గట్టిగా ఊదితే శ్రుతి పైకి జరిగి ఓబోతో కలవడం లేదు. ఊపిరిని కాస్త కిందికి మళ్ళిస్తే శ్రుతి కుదురుతుంది కానీ నాదం సన్నబడుతుంది.

హార్న్‌లో ధ్వని వెలువడే మూతి వెనక్కి తిరిగి ఉంటుంది కదా, మా హార్న్ వాద్యకారుడేమో గోడకు వీపు పెట్టి కూర్చుంటారు. గోడకు తగిలిన ధ్వని నేరుగా ముందుకు వస్తోందని నా అనుమానం. (ఆయన ఒప్పుకోరు.)

ఇలాంటి బృందాల్లో వాయించినవారు చెప్పగలరా? ముందు కుర్చీలు మార్చి చూడాలా, మిగిలినవారిని తగ్గించి వాయించమని అడగాలా? శ్రుతి చెడకుండా మంద్ర స్వరాలకు చిక్కదనం, పదును తెచ్చే సాధన ఏమిటి? హార్మోనిక్స్ (మంద్ర స్వరం వేళ్ళ అమరిక మార్చకుండా, ఊపిరితోనే పై స్వరాలు పలికించడం) సాధన నిజంగా పనిచేస్తుందా, చేస్తే రోజూ ఏ స్వరాలతో మొదలుపెట్టాలి? ఇంకా మంద్రంగా పలికే పెద్ద ఫ్లూట్, అంటే ఆల్టో ఫ్లూట్ కొనమని మాత్రం అనకండి, అది ఇంకా తేలికగా మునుగుతుంది.