సుగ్గికి పోయేవారి కూలి గురించి సంఘం మాట్లాడవచ్చునా?

ప్రశ్న: కోసిగి పాఠకుడు
అందరికీ వందనాలు. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో సంక్రాంతి దాటితే మందిరంలో సగం చాపలు ఖాళీ అవుతాయి. పిల్లాపాపలతో సహా కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి (వలస కోత పనికి) పోతాయి. క్రిస్మస్‌కు దుప్పట్లు పంచి, లారీ ఎక్కేవారి తలమీద చేయి పెట్టి ప్రార్థించే పెద్దలు, కూలీలను కుదిర్చి తీసుకుపోయే మేస్త్రీ వారి కూలిలో పట్టుకునే సొమ్ము సంగతి మాత్రం సంఘంలో ఎత్తవద్దంటారు. యౌవనస్థుల కూటంలో విమోచన వేదాంతం (పేదల పక్షాన నిలబడి అన్యాయాన్ని ఎదిరించడమే విశ్వాసమనే క్రైస్తవ ఆలోచన) గురించి చర్చిద్దామంటే, అది కమ్యూనిజమనీ, పోపుగారే నిషేధించారనీ కొట్టిపారేశారు. ఇది నిజమేనా?

జమ్మలమడుగు ఉపాధ్యాయుడు
నిషేధమనడం సరికాదండీ. 1968లో కొలంబియాలోని మెడెయిన్‌లో సమావేశమైన లాటిన్ అమెరికా బిషప్పులు, తమ ప్రజల పేదరికానికి మూలం అన్యాయపు వ్యవస్థలో ఉందని చెప్పారు. పెరూ దేశపు ఫాదర్ గుస్తావో గుతియెర్రెస్ 1971లో వెలువరించిన గ్రంథంతో ఆ ఆలోచనకు పేరు స్థిరపడింది. 1984లో కార్డినల్ రాట్జింగర్ సంతకంతో వాటికన్ విడుదల చేసిన పత్రం, మార్క్సిస్టు విశ్లేషణను విమర్శ లేకుండా అరువు తెచ్చుకోవడాన్ని తప్పుపట్టిన మాట వాస్తవమే. అయితే, అన్యాయాన్ని చూస్తూ ఊరకుండేవారు ఈ హెచ్చరికను సాకుగా వాడుకోరాదని కూడా అదే పత్రం చెప్పింది. ఆ రెండో ముక్కను మనవాళ్లెవరూ చదివి వినిపించరు! పేదల పక్షాన గొంతెత్తి, 1980 మార్చి 24న పూజ చేస్తుండగా హత్యకు గురైన ఎల్ సాల్వడార్ ఆర్చ్‌బిషప్ ఆస్కార్ రొమేరోను 2018లో పునీతుడిగా ప్రకటించింది కూడా ఆ వాటికనే.

అనంతపురం సభ్యురాలు
వివరణ బాగుంది గానీ, అక్కడి చర్చ ప్రధానంగా వర్గం చుట్టూ తిరిగింది, మనకు కులాన్ని దాటవేసే వీలు లేదు. 1980ల ఆరంభంలో బెంగళూరులో వేదాంత పండితుడు అరవింద్ నిర్మల్ దళిత వేదాంతాన్ని ముందుకు తెచ్చింది అందుకే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితునికి ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషనే దక్కుతుంది. ఊరివాళ్లకు మాత్రం ఆయన నేటికీ పేటవాడే. ఇక పెళ్లి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి మాల, మాదిగ అంటూ మనమే విడిపోతాం. కర్నూలు బిషప్పుగా పనిచేసిన పూల ఆంథోని గారు 2022లో తొలి దళిత కార్డినల్ అయినందుకు సంతోషించాము గానీ, దానివల్ల మేస్త్రీ లెక్క మారదు కదా.

ఆదోని ఉపదేశి
అన్నా, చాలాచోట్ల మేస్త్రీ కూడా సంఘస్థుడే, పెద్ద కానుక వేసేదీ ఆయనే. ప్రసంగంలో పేరెత్తితే మరుసటి ఏడు ఆ కుటుంబాలను పనికి పిలవడు. అందుకని మేము, కోతవారి కూలి బిగపట్టినవారిని గద్దించే యాకోబు పత్రిక 5:4 చదివి, అడ్వాన్సు ఎంత, కిలోకు కూలి ఎంత అన్నది బయలుదేరకముందే అందరి ఎదుట రాయిస్తాము. పిల్లలను సీజనల్ హాస్టల్లో (వలసపోయేవారి పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే వసతిలో) ఉంచమని తల్లిదండ్రులకు నచ్చజెబుతాము.

కోసిగి పాఠకుడు
ఉపదేశి గారూ, ఆ కాగితం ఎవరి దగ్గర ఉంటుంది?

ఆదోని ఉపదేశి
ఒక ప్రతి కుటుంబం వెంట పోతుంది, ఒకటి మందిరంలో ఉంటుంది. మేస్త్రీకి కూడా ఒకటి ఇవ్వండి, లేకుంటే తనను దొంగను చేశారని అలుగుతాడు.